చిన్న విమానానికి డీజిల్ ఇంజనా, పెట్రోల్ ఇంజనా?

ప్రశ్న (విజయవాడ): గన్నవరంలో ఉంచుకోడానికి పాత డైమండ్ డీఏ40 విమానం కొందామని చూస్తున్నాం. ఒకటి లైకమింగ్ ఐవో-360 పెట్రోల్ ఇంజన్ ఉన్నది, ఇంకోటి ఆస్ట్రో ఏఈ300 డీజిల్ ఇంజన్ ఉన్న డీఏ40 ఎన్‌జీ. తిరిగేది హైదరాబాద్, తిరుపతి. ఏడాదికి 80 గంటలు దాటదు. డీజిల్ తక్కువ తాగుతుంది, బరువూ కలిసొస్తుంది అంటున్నారు. నిజమేనాండీ?

జవాబు (గుంటూరు): తక్కువ తాగే మాట నిజం. బరువు మాటే మీ దూరాలకు నిలవదు. 75 శాతం పవర్‌లో లైకమింగ్‌కు గంటకు సుమారు 36 లీటర్లు, ఏఈ300కి 25. కానీ లైకమింగ్ తాగే అవ్‌గ్యాస్ (విమాన పెట్రోల్) లీటరు 0.72 కిలోలైతే, ఏఈ300 తాగే జెట్ ఏ-1 (విమాన కిరోసిన్) 0.8. అంటే గంటకు మిగిలేది 6 కిలోలే. డీజిల్ ఇంజనేమో 50 కిలోల దాకా ఎక్కువ తూగుతుంది. అది రాబట్టుకోవాలంటే ఎనిమిది గంటలు ఏకబిగిన ఎగరాలి, మీకు గంటన్నర కూడా పట్టదు. ఎన్‌జీకి గరిష్ఠ టేకాఫ్ బరువు ఎక్కువే ఇచ్చారు కాబట్టి, రెండు విమానాల తూకం రిపోర్టులూ తెప్పించి నిజంగా మోయగలిగే బరువు పోల్చండి.

జవాబు (విజయవాడ): ముందు తేల్చుకోవాల్సింది ఇంధనం. జెట్ ఏ-1 ఎయిర్‌లైన్లు దిగే చోటల్లా దొరుకుతుంది. అవ్‌గ్యాస్ అలా కాదు. ఇండియన్ ఆయిల్ వడోదరలో తయారీ మొదలుపెట్టిందే 2022లో. డ్రమ్ముల్లో తెప్పించాలంటే రవాణా, నిల్వ అనుమతుల ఖర్చూ కలపండి. డీజిల్ ఇంజనే కదా అని బంకు డీజిల్ పోయించకండి, మాన్యువల్‌లో రాసిన ఇంధనమే పోయాలి. ఇంధనం పట్టేటప్పుడు దగ్గర నిలబడండి. డీజిల్ ఇంజన్‌లో అవ్‌గ్యాస్ పడితే జిడ్డు చాలక హైప్రెషర్ పంపు అరిగిపోతుంది. లైకమింగ్‌లో జెట్ ఏ-1 పడితే డిటొనేషన్‌తో (ఇంధనం సిలిండర్‌లో అదుపు తప్పి పేలడం) పిస్టన్లే పోతాయి, అదీ టేకాఫ్ పవర్‌లో.

జవాబు (గుంటూరు): డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గు లేదు కాబట్టి కరెంటు పోయినా తిరుగుతుందనుకోవద్దు. ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లను నడిపేది ఈసీయూ, అంటే కరెంటుతో పనిచేసే ఇంజన్ కంప్యూటర్. 2007లో జర్మనీలోని స్పేయర్‌లో ఒక డీఏ42 (డైమండ్ వాళ్ల రెండింజన్ల డీజిల్ విమానం) బ్యాటరీ డౌనైతే బయటి పవర్‌తో స్టార్ట్ చేశారు. టేకాఫ్ అయ్యాక చక్రాలు పైకి లాగగానే వోల్టేజీ పడిపోయి రెండు ఇంజన్లూ ఆగాయి. అది థీలర్ట్ అనే వేరే కంపెనీ ఇంజన్, మీరు చూసేది ఆస్ట్రో. పాఠం మాత్రం దీనికీ వర్తిస్తుంది. ఎన్‌జీలో ఈసీయూ బ్యాకప్ బ్యాటరీల గడువు చూడండి. మెయిన్ బ్యాటరీ చచ్చిపోతే జంపర్‌తో లేపి వెళ్లిపోకండి, చార్జ్ చేయండి లేదా మార్చండి.

ఇక మే నెల ఎండ. ఏఈ300ది లిక్విడ్ కూలింగ్, రేడియేటర్ రెక్కల్లో దుమ్ము చేరితే ముందు తెలిసేది కూలెంట్ టెంపరేచర్ లోనే. ఎక్కేటప్పుడు సూది పసుపు వైపు పోతుంటే ముక్కు దించి స్పీడు పెంచండి.

ప్రశ్న (విజయవాడ): ఓవర్‌హాల్ సంగతో?

జవాబు (విజయవాడ): ఐవో-360 2,000 గంటలకు విప్పి మళ్లీ కట్టొచ్చు. ఏఈ300 గడువైతే మామూలుగా ఇంజనే మారుస్తారు, ఆ డబ్బు ముందే పక్కన పెట్టాలి. బేరానికి ముందు ఈసీయూ లాగ్ దింపించి ఫాల్ట్ కోడ్‌లు చదివించండి. మిగిలిన గంటలే కాదు, గేర్‌బాక్స్, హైప్రెషర్ పంపు మార్చాల్సిన తేదీలూ రాతపూర్వకంగా అడగండి. గన్నవరంలో అవ్‌గ్యాస్ ఖాయమైతే 80 గంటలకు లైకమింగే చాలు. లేకపోతే ఎన్‌జీ తప్ప దారి లేదు.