విందుకు మసాలా ఆపిల్ లిక్యూర్: ఆపిల్ ముక్కలను, దినుసులను ఎన్నాళ్లు ఊరబెట్టాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మరో 5 వారాల్లో మా ఇంట్లో దాదాపు 20 మంది కలుసుకునే విందు ఉంది. భోజనం ముగిశాక చిన్న గ్లాసుల్లో తలా కాస్త అందించడానికి దాల్చిన చెక్క, లవంగం వంటి దినుసులు వేసిన ఆపిల్ లిక్యూర్‌ను (తియ్యని మద్యపానీయాన్ని) ఇంట్లోనే తయారు చేయాలని అనుకుంటున్నాను. దీని గురించి చదివినకొద్దీ సందేహాలు పెరుగుతున్నాయి. ఒకరు ఆపిల్, దినుసులు, చక్కెర అన్నీ ఒకేసారి వోడ్కాలో వేసి నెల రోజులు కదపవద్దని రాస్తే, మరొకరు ఆపిల్‌ను ముందుగా ఉడికించాలని రాశారు. ఇంకొకరు చక్కెరను చివరి వరకు దగ్గరికి రానీయవద్దన్నారు. వీటిలో ఏది సరైన పద్ధతి? ఏ రకం ఆపిల్ తీసుకోవాలి? పానీయం తేటగా రావాలంటే ఏం చేయాలి? ఇంట్లో తయారు చేసిన మద్యం ప్రమాదకరమని ఒక బంధువు హెచ్చరించారు కనుక, ఆ విషయం కూడా తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1

ముందుగా మీ బంధువు గారి సందేహం గురించి చెబుతాను. పులియబెట్టడం వేరు, బట్టీ పెట్టడం (కాచి, ఆవిరిని చల్లార్చి మద్యం తీయడం) వేరు, ఊరబెట్టడం వేరు. చాలా దేశాల్లో చట్టం నిషేధించేది, ప్రాణాల మీదికి తెచ్చేది అనుమతి లేకుండా ఇంట్లో బట్టీ పెట్టడం. మీరు చేయబోయేది కొనుక్కున్న వోడ్కాలో పండు రుచిని, దినుసుల వాసనను దింపడం మాత్రమే. అయితే ఆ సీసా నమ్మకమైన చోట కొన్న, ముద్ర చెదరని సరుకై ఉండాలి.

ఇక అసలు విషయానికి వస్తే, ఆపిల్‌కు కావలసిన సమయం, దినుసులకు కావలసిన సమయం ఒకటి కాదు. అన్నింటినీ ఒకేసారి వేసి నెల రోజులు మరచిపొమ్మనే పద్ధతి చెడిపోయేది ఇక్కడే. ఆపిల్ తన రుచిని నెమ్మదిగా వదులుతుంది కనుక దానికి 2 నుంచి 3 వారాలు పడుతుంది. లవంగం అలా కాదు. రెండు రోజుల్లోనే తన ఘాటంతా దింపేసి, మూడో రోజు నుంచి మిగిలిన రుచులన్నింటినీ మింగేయడం మొదలుపెడుతుంది. దాల్చిన చెక్కను నెల రోజులు ఉంచితే తీపిదనం వెనక్కి వెళ్లి వగరు ముందుకు వస్తుంది, పైగా ద్రవం కాస్త జిగురుగా మారుతుంది.

750 మిల్లీలీటర్ల, 40 శాతం ఆల్కహాల్ ఉన్న వోడ్కాకు నేను సూచించే కొలతలు ఇవి: పుల్లని గట్టి ఆపిల్ పండ్లు అర కిలో, వేలెడంత దాల్చిన చెక్క ఒకటి, లవంగాలు 2, కాస్త నలిపిన యాలకులు 2, అనాసపువ్వు నుంచి ఒకటి రెండు రేకులు. దినుసులు ఏవైనా సరే పొడి రూపంలో వద్దు, ఎందుకంటే పొడిని తరువాత ఎంత వడకట్టినా పూర్తిగా తీయలేము. గ్రానీ స్మిత్ వంటి పుల్లని రకమైతే చక్కెర చేరిన తరువాత కూడా ఆపిల్ రుచి నిలబడుతుంది. మెత్తగా, తియ్యగా ఉండే రకాలు వోడ్కాలో చప్పబడతాయి. తొక్కలో సువాసన ఎక్కువ కాబట్టి తొక్క తీయవద్దు, కానీ పైన మైనపు పూత ఉంటే గోరువెచ్చని నీటితో బాగా రుద్ది కడగాలి. గింజలు, వాటి చుట్టూ ఉన్న గట్టి భాగం తప్పనిసరిగా తీసేయాలి. గింజల్లో అమిగ్డాలిన్ అనే, నలిగితే విషపూరితమైన సయనైడ్‌ను వదిలే పదార్థం ఉంటుంది, చేదు కూడా దిగుతుంది.

దినుసులను చిన్న పలుచని గుడ్డలో మూటగట్టి, దారం కొసను జాడీ మూత బయటికి వదలండి. ఈ చిన్న ఏర్పాటు ఉంటే ముక్కల మధ్య చెంచాతో వెతుక్కునే పని లేకుండా, కావలసిన రోజున మూటను బయటికి లాగవచ్చు. లవంగాలను వేరే మూటగా కట్టడం ఇంకా మంచిది. వాటిని రెండో రోజున తీసేసి, మిగిలిన మూటను మూడో రోజు నుంచి రుచి చూస్తూ, ఎంత ఆలస్యమైనా వారం లోపు తీసేయండి. రుచి చూసేటప్పుడు నేరుగా చెంచాడు తాగితే మద్యం ఘాటుకు నాలుక మొద్దుబారుతుంది, పైగా చక్కెర లేని ద్రవంలో చేదు ఉన్నదానికంటే ఎక్కువగా తెలుస్తుంది. చెంచా ద్రవానికి చెంచా నీరు, చిటికెడు చక్కెర కలిపి చూస్తే చివరికి రాబోయే రుచి ముందుగానే అంచనాకు అందుతుంది.

మొదటి కొద్ది రోజులు ముక్కలు తేలుతుంటాయి. ద్రవం పైకి వచ్చిన భాగం గాలి తగిలి నల్లబడుతుంది కనుక జాడీని అంచు వరకు నింపి, రోజుకొకసారి మెల్లగా కదిలించాలి. ముక్కలపై కొద్దిగా నిమ్మరసం పిండితే రంగు మారడం తగ్గుతుంది.

సమాధానం 2

పై సమాధానంతో దాదాపు ఏకీభవిస్తున్నాను కానీ, ఒక్క విషయంలో నా పద్ధతి వేరు. దినుసులను ఆపిల్ ఉన్న జాడీలో అసలు వేయను. సీసాలోని వోడ్కా నుంచి 100 మిల్లీలీటర్లు చిన్న గాజు సీసాలోకి తీసుకుని, దినుసులన్నీ అందులోనే నాలుగైదు రోజులు నానబెట్టి, వడకట్టి పక్కన పెడతాను. ఆపిల్ ద్రవం సిద్ధమైన తరువాత ఈ సారాన్ని చెంచా చొప్పున కలుపుతూ, రుచి కుదిరిన చోట ఆపేస్తాను. మూట తీయడం ఒక్క రోజు ఆలస్యమైతే దిగిన లవంగపు ఘాటును వెనక్కి తీసే మార్గం లేదు; సారం విడిగా ఉంటే ఆ భయమే ఉండదు. 20 మంది అతిథుల ముందు పెట్టేదాన్ని అదృష్టానికి వదలడం నాకు నచ్చదు.

చక్కెరను చివర కలపమన్నవారి మాటే సరైనది. ఆపిల్‌లో 85 శాతం దాకా నీరే కనుక, అర కిలో ముక్కలు ఊరేసరికి 40 శాతం వోడ్కా సుమారు 25 శాతానికి దిగివస్తుంది. దానిపై నీళ్లలాంటి పాకం ధారాళంగా పోస్తే 15 శాతానికి దగ్గర పడుతుంది. అప్పుడు పానీయం పలుచనై రుచి తగ్గడమే కాక ఎక్కువ కాలం నిలవ ఉండదు. కాబట్టి 100 మిల్లీలీటర్ల నీటిలో 150 గ్రాముల చక్కెర కరిగించండి. తీగపాకం రానవసరం లేదు, కరిగితే చాలు. ఇది సుమారు 200 మిల్లీలీటర్లు వస్తుంది, మొత్తం కలిపాక బలం 20 శాతం ప్రాంతంలో నిలుస్తుంది. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం లిక్యూర్ అని అమ్మాలంటే సాధారణంగా లీటరుకు కనీసం 100 గ్రాముల చక్కెర, 15 శాతం ఆల్కహాల్ ఉండాలి. ఈ కొలత ఆ రెండింటినీ దాటుతుంది. పాకాన్ని సగం పోసి, రుచి చూసి, మిగిలినది పోయండి. అది పూర్తిగా చల్లారిన తరువాతే, పొయ్యికి దూరంగా కలపాలి. వేడి తగిలితే లేచే ఆల్కహాల్ ఆవిరి మంటకు ఇట్టే అంటుకుంటుంది.

సమాధానం 3

తేటదనం గురించి ఎవరూ రాయలేదు కనుక అంతవరకే చెబుతాను. ఆపిల్‌ను ఉడికించవద్దు. జామ్ గట్టిపడేలా చేసే పెక్టిన్ ఉడికిన ఆపిల్ నుంచి విరివిగా బయటికి వస్తుంది, ఆల్కహాల్ తగిలితే అది నలకలు నలకలుగా విడిపోయి పానీయాన్ని మసకబారుస్తుంది. పచ్చి ముక్కలతో కూడా కొంత మసక తప్పదు. వడకట్టేటప్పుడు ముక్కలను పిండాలని చేయి ఉబలాటపడుతుంది, కానీ పిండితే వచ్చే రెండు గరిటెల ద్రవం మొత్తాన్నీ మసకబారుస్తుంది. ముందు పలుచని నూలు గుడ్డలో, తరువాత కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టండి. నేరుగా కాగితంలో పోస్తే నిమిషాల్లో పూడుకుపోతుంది. పాకం కలిపిన తరువాత సీసాను ఫ్రిజ్‌లో వారం రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగున దిగుతుంది, పైతేటను మెల్లగా వేరే సీసాలోకి వంపుకోవచ్చు. అయినా కాస్త మసక మిగిలితే దాని వల్ల రుచికి లోటు ఏమీ లేదు. ముదురు రంగు గ్లాసుల్లో పోయండి, ఎవరూ అడగరు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. సారాన్ని విడిగా తీసే పద్ధతినే ఎంచుకుంటున్నాను. 3 వారాలు ఆపిల్‌కు, మిగిలిన 2 వారాలు పాకం కలిపి నిలకడగా ఉంచడానికి సరిపోతాయని అనుకుంటున్నాను. రెండు చిన్న సందేహాలు మిగిలాయి: ఒక్క సీసా వోడ్కాతో 20 మందికి సరిపోతుందా? అతిథుల్లో మద్యం ముట్టనివారు, పిల్లలు కూడా ఉంటారు. వారికి ఏం ఇవ్వవచ్చు?

సమాధానం 2 రాసినవారు

ముక్కలు పీల్చుకున్నది, మడ్డిలో పోయేది తీసేయగా చేతికి దాదాపు 900 మిల్లీలీటర్లు వస్తుంది. తలకు 40 మిల్లీలీటర్ల చొప్పున 20 మందికి ఒక్క విడత సరిపోతుంది. మరోసారి అడిగేవారు ఉంటారని అనుకుంటే కొలతలన్నీ రెట్టింపు చేయండి, కానీ లవంగాలను మాత్రం 3 దగ్గర ఆపండి.

మద్యం ముట్టనివారి కోసం అవే దినుసులను ఆపిల్ రసంలో వేసి, సన్నని మంట మీద 15 నిమిషాలు మరగనిచ్చి, వడకట్టి చల్లార్చండి. లిక్యూర్‌ను కాచి మద్యం పోగొట్టవచ్చని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. కాచినా కొంత మిగిలే ఉంటుంది. రెండూ ఒకే రంగులో ఉంటాయి కాబట్టి వేరు వేరు ఆకారాల పాత్రల్లో పోసి, పేర్లు రాసిన చీటీలు అంటించండి. ఊరిన ఆపిల్ ముక్కలను పడేయాలనిపించకపోతే పెద్దలకు వడ్డించే కేకులో వాడుకోవచ్చు, కానీ వాటిలో మద్యం దండిగా ఉంటుంది కనుక పిల్లలకు అందే చోట ఉంచవద్దు.