కట్టెల ఆములో కాల్చిన కుండలు పగిలిపోతున్నాయి, కారణం చెప్పగలరా?

పెద్దచెరువు:
రాత్రంతా ఆము దగ్గరే ఉన్నాను. పొద్దుటి నుంచి ఫోనులో వెతుకుతూనే ఉన్నాను, ఎక్కడా సరైన సమాధానం దొరకలేదు. కట్టెలతో కాల్చే ఇటుకల ఆము కట్టుకున్న దగ్గర నుంచి కుండలు పగిలిపోతున్నాయి. మట్టి బాగా తొక్కాను. నీడలోనే ఆరబెట్టాను. మంట మెల్లగానే పెంచాను. మా తాతగారు ఇదే చెరువు మట్టితో జీవితమంతా కుండలు చేశారు, ఆయన కుండ పగిలిందని ఎవరూ వెనక్కి తెచ్చింది లేదు. వేసవికి నీళ్ళ కుండలు కావాలని బయానా ఇచ్చినవాళ్ళు రోజూ ఫోను చేస్తున్నారు. కట్టెల మంట మన చెరువు మట్టికి పడదా? మళ్ళీ పిడకలకూ గడ్డికే వెళ్ళిపోవాలా? దయచేసి తెలిసినవారు చెప్పండి.

సారెబండ:
పచ్చి ఆరలేదు. ఇంకా ఆరనివ్వండి.

పెద్దచెరువు:
ఆరాయండీ. చెంపకు ఆనించి చూస్తే చల్లదనం తగలడం లేదు. పైగా ఆము కింద సన్నని సెగ పెట్టి రాత్రంతా ఉంచాకే మంట పెంచాను.

పాతపెంకు:
మీ ప్రశ్న చూడగానే ఒక మాట చెప్పాలనిపించింది. కట్టెల మంట మన మట్టికి పడకపోవడం ఏమిటి? నాగార్జునకొండలో, ఏలేశ్వరంలో బృహచ్ఛిలా సమాధుల్లో (పెద్ద బండరాళ్ళతో కట్టిన పాతకాలపు సమాధులు) దొరికిన నలుపు-ఎరుపు కుండలు చూడండి. లోపలా, అంచు దగ్గరా నలుపు, బయట ఎరుపు. కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి అందక, పొగలోని బొగ్గు పట్టి నల్లబడుతుంది. బయట గాలి తగిలినచోట మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. ఎక్కువమంది పురావస్తు నిపుణులు చెప్పే వివరణ ఇదే. సారె మీద రంగు వేయలేదు, గాలిని అదుపు చేసి రంగు తెప్పించారు. ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాలో నిజామాబాద్ అనే ఊరుంది (మన నిజామాబాద్ కాదు). అక్కడి నల్ల కుండల నలుపు కూడా పొగ బిగించి తెప్పించిందే. మీ ఆములో గాలి దారులు ఎక్కడెక్కడ పెట్టారో ముందు రాయండి. కుండలు బోర్లించి పేర్చారా, వెల్లకిలా పేర్చారా?

సరుగుడు:
గాలి దారులకంటే ముందు కట్టె సంగతి చూడాలి. ఏం కట్టె వాడుతున్నారు? సర్కారు తుమ్మ అయితే నిప్పు గట్టిగా నిలుస్తుంది కానీ మంట పొట్టిగా ఉంటుంది, అడుగు కుండలు మాడి పై వరుస పచ్చిగా మిగులుతుంది. సరుగుడు కట్టెను సన్నగా చీల్చి వేస్తే మంట పొడుగ్గా లేచి పై వరుస దాకా అందుతుంది. తడి కట్టె అసలు వేయకండి. దాని వేడిలో చాలా భాగం దానిలోని నీళ్ళను ఆవిరి చేయడానికే పోతుంది, పొగ వస్తుంది, ఆము ముందుకు సాగదు. కట్టె చీల్చి కనీసం ఒక ఎండాకాలం దాటనివ్వాలి. లావు దుంగలు మొదటి సెగకు, సన్నని చీలికలు చివరి మంటకు.

నిప్పుకన్ను:
పెద్దచెరువు గారూ, ఒక్క విషయం చెప్పండి. ఎప్పుడు పగిలాయి? ఇది తెలియకుండా ఎవరు ఏం చెప్పినా ఊహే. తడి మిగిలి ఉంటే ఆము మొదటి గంటల్లోనే టప్ టప్ మని పేలతాయి, విప్పితే ముక్కలే ఉంటాయి. ఆము చల్లారకముందే తలుపు తీస్తే పొడుగాటి బీట పడుతుంది. మట్టిలోని ఇసుక రేణువులు 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కుంచించుకుంటాయి కాబట్టి, అక్కడ చల్లగాలి తగిలితే కుండ తట్టుకోలేదు. ఆ బీట అంచులు పదునుగా ఉంటాయి. మీది ఏ రకం?

సారెబండ:
ఫోటో పెట్టండి.

పెద్దచెరువు:
ఫోటో రాత్రికి పెడతాను. ఆములో పగల్లేదండీ. విప్పినప్పుడు అన్నీ చక్కగా ఉన్నాయి, వేలితో కొడితే ఖంగుమన్నాయి. మా నాన్నగారు కూడా చూసి ఇంత బాగా ఎప్పుడూ కాలలేదన్నారు. కొట్టంలో పెట్టాక రెండు మూడు రోజులకు మొదలవుతోంది. ఒకచోట రూపాయి బిళ్ళంత ముక్క ఊడి కింద పడుతుంది. కొన్ని కుండలకు నాలుగైదు చోట్ల ఊడుతోంది. మొన్న ముసురు పట్టినప్పుడు ఇంకా ఎక్కువైంది. ఊడినచోట మధ్యలో తెల్లటి చుక్క ఉంటోంది, గోరుతో గీకితే పొడిగా రాలుతోంది.

సారెబండ:
అది పగులు కాదు. పెచ్చు. ముందే పెచ్చు అని రాసి ఉంటే సరిపోయేది.

సరుగుడు:
పేరు ఏదైతేనేం, కుండ పోయింది కదా. ఆయన బాధలో ఉన్నారు, మాటలు పట్టుకోవడం దేనికి?

నిప్పుకన్ను:
సరుగుడు గారూ, ఇక్కడ మాట పట్టుకోవాల్సిందే. పగులు అంటే ఆరబెట్టడం, మంట, చల్లార్చడం, వీటిలో ఏదో తప్పింది. విప్పిన కొన్నాళ్ళకు పెచ్చు ఊడి మధ్యలో తెల్ల చుక్క కనిపించిందంటే మంటను తప్పుపట్టడానికి లేదు, మట్టిలో సున్నం ఉంది.

జరిగేది ఇది. చెరువు మట్టిలో నత్తగుల్లల ముక్కలో, సున్నపు గడ్డలో ఉంటాయి. కాలితే అవి పొడిసున్నం అవుతాయి. కుండ గోడలో ఇరుక్కున్న ఆ సున్నం గాలిలోని తేమను కొద్దికొద్దిగా పీల్చుకుని, దాదాపు రెట్టింపు పరిమాణానికి ఉబ్బుతుంది. పక్కకు జరగడానికి చోటు లేక పైనున్న మట్టిని తోసేస్తుంది. అందుకే ఆములో కాక కొట్టంలో ఊడింది, అందుకే ముసురులో ఎక్కువైంది. కందిగింజంత గడ్డ చాలు, పెద్ద బాన కూడా పాడవుతుంది.

పెద్దచెరువు:
మరి తాతగారికి ఎందుకు ఊడలేదు? అదే చెరువు, అదే రేవు.

నిప్పుకన్ను:
రెండు కారణాలు తోస్తున్నాయి. సున్నపురాయి పూర్తిగా పొడిసున్నం కావాలంటే 700 డిగ్రీలు దాటి 900 దగ్గర దాకా వేడి ఉండాలి, ఆ వేడి కాసేపు నిలవాలి. పిడకలూ గడ్డీ కప్పి కాల్చే బహిరంగ ఆములో వేడి ఎక్కువగా 600-800 మధ్యనే ఆడుతుంది, శిఖరం మీద ఎక్కువసేపు నిలవదు. గడ్డలు కాలకుండానే మిగిలిపోయి ఉంటాయి. మీ ఇటుకల ఆము ఆ వేడిని దాటించి గంటల తరబడి నిలిపింది. చివర్లో కన్నంలోంచి చూస్తే లోపల ఏ రంగు కనిపించింది?

రెండోది, ఈ మధ్య ఆ చెరువులో పూడిక తీశారా?

పెద్దచెరువు:
లోపల నారింజ రంగు, కాస్త పసుపు కూడా. పూడిక తీశారండీ, మిషన్ కాకతీయలో. తాతగారు పైపొర ఒండ్రు తెచ్చేవారు. ఇప్పుడు ఆ పొర లేదు, కిందనున్న నల్లమట్టే తెస్తున్నాం. అది ముఖ్యమని అనుకోలేదు.

నిప్పుకన్ను:
నారింజ అంటే 900 దాటింది. ఇక నల్లరేగడి కింది పొరల్లో సున్నపు గడ్డలు ఉండడం మామూలే. పైపొర ఒండ్రు నీళ్ళతో కొట్టుకొచ్చి తేరిన సన్నమట్టి, అందులో గడ్డలు తక్కువ. రేవు అదే కానీ మట్టి అది కాదు. మీ నాన్నగారు చెప్పినట్టు కుండలు నిజంగానే బాగా కాలాయి, ఆ ఆమును మాత్రం వదులుకోకండి.

పాతపెంకు:
సున్నం అనగానే శత్రువులా చూడనక్కరలేదు. ఉత్తర అమెరికాలో మిసిసిపి నది ప్రాంతపు పాత కుమ్మరులు ఆల్చిప్పలను దంచి కావాలనే మట్టిలో కలిపేవారు. దానివల్ల కుండ పొయ్యి మీద సెగను బాగా ఓర్చుకుంటుంది. తక్కువ వేడిలో కాల్చడమే వాళ్ళ కిటుకు.

సరుగుడు:
తక్కువ వేడి అంటే ఇంత కష్టపడి ఆము కట్టింది దేనికి? నేనైతే ఇంకా పైకి వెళ్ళమంటాను. 1100 దాటితే సున్నం మట్టితో కలిసి కరిగిపోతుంది, సమస్యే ఉండదు. పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీవాళ్ళు 1971 నుంచి అంతకంటే పై వేడిలోనే కాలుస్తున్నారు.

నిప్పుకన్ను:
వాళ్ళ మట్టి వేరు. చెరువు ఎర్రమట్టినీ నల్లమట్టినీ 1100కు తీసుకెళితే కుండ వంగిపోతుంది, పొంగుతుంది. పైగా నీళ్ళ కుండ కోసం అడుగుతున్నారు ఆయన. గోడ గట్టిపడి చెమ్మ ఊరకపోతే నీళ్ళు చల్లబడవు. మిగతావారి సలహాలు ఎంత మంచివైనా, పని నీళ్ళ కుండ అని గుర్తుంచుకుందాం.

పెద్దచెరువు గారూ, ముందు పరీక్ష చేయండి. వెనిగర్ పోసి నురగ వస్తుందేమో చూడండి.

పెద్దచెరువు:
తెల్ల చుక్క మీద పోశాను. నురగ రాలేదు. అంటే సున్నం కాదా?

నిప్పుకన్ను:
కాలిన చుక్క మీద కాదు, కాల్చని మట్టి మీద. కాలినప్పుడే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయింది, ఇక నురగకు ఏమీ మిగల్లేదు. పచ్చిమట్టిని ఎండబెట్టి, నలిపి, గాజు గ్లాసులో వేసి పోయండి. కలిపే ఇసుక మీద కూడా పోసి చూడండి. వాగు ఇసుకలో గుల్లలుంటే మట్టిని ఎంత శుభ్రం చేసినా అదే కథ.

సారెబండ:
మట్టిని డ్రమ్ములో నానబెట్టి, పలచగా కలిపి, 60 నంబరు జల్లెడలో వడగట్టండి. తేరాక పైనీళ్ళు వంచేయండి. అంతే.

నిప్పుకన్ను:
అవును, అసలు మందు అదే. ఆ జల్లెడ కన్ను పావు మిల్లీమీటరు. అంతకంటే సన్నని సున్నం పెద్దగా హాని చేయదు. కాకపోతే వడగట్టిన మట్టి మరీ నున్నగా అయి ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకుంటుంది, ఇసుకపాలు కాస్త పెంచాలి. గడ్డలు దంచి సన్నం చేసి మట్టిలోనే కలిపేద్దామని అనుకోకండి, ఒక్క గింజ తప్పించుకున్నా చాలు.

ఇప్పటికే కాల్చినవాటిలో ఇంకా ఊడనివి ఉంటాయి కదా. వాటిని నీళ్ళ తొట్టిలో పూర్తిగా ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచండి. ఇకముందు ఆము విప్పిన వెంటనే, గోరువెచ్చగా ఉండగానే ముంచితే ఇంకా మంచిది. సున్నం ఒకేసారి నీళ్ళు తాగి మెత్తబడి సందుల్లోకి సర్దుకుంటుంది, నెమ్మదిగా తేమ పీల్చినంత బలంగా తోయదు. ఇటుకలవాళ్ళు కూడా ఈ పని చేస్తారు. పెద్ద గడ్డలున్న కుండను మాత్రం ఇది కాపాడలేదు, అలాంటివి అమ్మకండి.

పాతపెంకు:
ఉప్పు కలిపితే కూడా సున్నం ఉబ్బడం తగ్గుతుంది. నూరు కిలోల ఎండు మట్టికి అరకిలో నుంచి కిలో.

సారెబండ:
నీళ్ళ కుండకు ఉప్పు వద్దు. పైన తెల్లగా పొర పూస్తుంది.

సరుగుడు:
కట్టె ఏదో మాత్రం ఆయన ఇంతవరకూ చెప్పలేదు.

పెద్దచెరువు:
పచ్చిమట్టి బుసబుసమని పొంగింది. ఇసుకలో ఏమీ లేదు. జల్లెడ తెప్పిస్తున్నాను. అందరికీ ధన్యవాదాలు. కట్టె సర్కారు తుమ్మ.

సరుగుడు:
అనుకున్నాను. అడుగు వరుస, పై వరుస ఒకే రంగులో కాలాయా?

కొత్తమట్టి:
నమస్కారం. నాకూ ఇలాగే పెచ్చులు ఊడుతున్నాయి కానీ మధ్యలో తెల్ల చుక్క లేదు, కావి పూత పూసినచోటే ఊడుతోంది. మాది గోదావరి ఒండ్రు, కొబ్బరి మట్టలతో కాలుస్తాను. ఇదీ సున్నమేనా?