కొత్త బాక్టీరియాను కనిపెట్టారా, గుర్తించారా?

ప్రశ్న (తిరుపతి నుంచి): మా ఇంటర్ పిల్లల గోడపత్రికకు ఒక వ్యాసం వచ్చింది. "మనిషి కడుపులో కొత్త బాక్టీరియాను కనిపెట్టారు" అని రాశారు. నేను "గుర్తించారు" అని దిద్దాను. మా తెలుగు మేడం దాన్ని కొట్టేసి "కనుగొన్నారు" చేశారు. ఏది ఉంచాలి?

— "కనిపెట్టారు" వద్దు సార్. రైలింజనో ఫోనో అయితే కనిపెడతారు. మా చిత్తూరు వైపు ఈనబోయే ఆవును కనిపెట్టుకుని ఉంటారు, అది వేరే సంగతి.

— నేను మైక్రోబయాలజీ చదివాను సార్. గుర్తించాలంటే ఆనవాలు ముందే తెలిసి ఉండాలి. అలిపిరి దగ్గర అంత జనంలో మా చిన్నాన్నను గుర్తుపడతానంటే ఆయన్ని ఎరుగుదును కాబట్టే. ఇక్కడ జరిగేది దానికి తలకిందులు. మలం నమూనాను గాలి తగలకుండా పెంచుతాం. చాలావాటికి ఆక్సిజన్ తగిలితే చావే. ప్లేటు మీద విడిగా లేచిన ఒక్క కాలనీని, అంటే బాక్టీరియా గుంపుగా పెరిగిన చుక్కను, లూప్ అనే తీగ కొసతో ఎత్తి, కొత్త ప్లేటు మీద మళ్లీ మళ్లీ గీసి శుద్ధి చేస్తాం. తర్వాత దాని 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువును, అంటే బాక్టీరియా అన్నిటిలోనూ ఉండే ఒక జన్యువును, తెలిసినవాటితో పోలుస్తాం. దగ్గరి చుట్టంతో కూడా పోలిక 98.7 శాతానికి తగ్గితే కొత్తదేమోనని అనుమానం. మొత్తం జీనోమ్‌లను, అంటే పూర్తి డీఎన్‌ఏను, పోల్చినప్పుడు సగటు పోలిక 95-96 శాతం లోపే ఉంటే అనుమానం దాదాపు తీరినట్టే. అంటే ఎవరితోనూ గుర్తు కలవకపోవడమే అసలు విషయం!

— అయితే "కనుగొన్నారు" సరేనామ్మా?

— కాలనీ కంటపడిన రోజుకు సరే. పేరు చెల్లాలంటే మాత్రం వివరాలు ప్రచురించాలి, ఆ స్ట్రెయిన్‌ను, అంటే శుద్ధి చేసిన ఆ బాక్టీరియాను, రెండు వేర్వేరు దేశాల కల్చర్ కలెక్షన్లలో, అంటే సూక్ష్మజీవులను భద్రపరిచే కేంద్రాల్లో, దాచాలి. మన దేశంలో మనిషి మలం నుంచి వేరుచేసిన మెగాస్ఫెరా ఇండికాకు 2014లో పేరు పెట్టారు. మెగాస్ఫెరా అనేది ప్రజాతి (జీనస్) పేరు, రెండు మాటలూ కలిస్తేనే జాతి (స్పీషీస్) పేరు. ఇంత తతంగం ఉంది కనుక నేనైతే "కొత్త జాతిగా తేల్చారు" అంటాను.

— "తేల్చారు"లో పోలీసు వాసన వస్తోంది. "నిర్ధారించారు" అనొచ్చుగా?

— అంటే పిల్లలు ఆ లైను దాటేసి పోతారన్నా. ఇంకోటి, "కడుపు" కూడా తీసేయండి సార్. ఇవి కిక్కిరిసి ఉండేది పెద్దపేగులో.

— కడుపులో చల్ల కదలకుండా కూర్చున్నవాళ్లకు పేగు గురించి ఏం తెలుసు లెండి.

— సరే, "పెద్దపేగులోని బాక్టీరియాను కొత్త జాతిగా తేల్చారు" అని పెట్టేశాను. మేడం ఇంకా చూడలేదు.