డేవిడ్ డేవిస్ 1877లో బాధ్యత తప్పించుకున్నారా?

ప్రశ్న (జూనియర్ న్యాయవాది, కర్నూలు):
పెద్దలకు నమస్కారం. మా సీనియర్ గారి ఆఫీసులో అమెరికా మిల్లిగన్ కేసు ప్రస్తావన వచ్చినప్పటి నుంచి, ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి డేవిడ్ డేవిస్ గురించి చదువుతున్నాను. 1815లో మేరీలాండ్‌లో పుట్టి, ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్‌లో వకీలుగా స్థిరపడి, శాసనసభ్యుడై, 1848లో సర్క్యూట్ జడ్జిగా, 1862లో సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఎదిగిన మనిషి, 1877లో ఆ పీఠం వదిలి సెనేట్‌కు ఎందుకు వెళ్లారో బోధపడలేదు.

జవాబు (విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, అనంతపురం):
1876 అధ్యక్ష ఎన్నిక వివాదాన్ని తేల్చడానికి పదిహేను మందితో కమిషన్ వేశారు. రెండు పార్టీలకూ ఏడేసి మంది ఉండగా, పదిహేనో స్థానం ఏ పార్టీకీ చెందని డేవిస్‌కే దక్కుతుందని అందరూ అనుకున్నారు. సరిగ్గా అప్పుడే ఇల్లినాయ్ శాసనసభలో డెమొక్రాట్లు ఆయనను సెనేట్‌కు గెలిపించారు. ఆయన కమిషన్‌కు రానన్నారు, రిపబ్లికన్ అయిన మరో సుప్రీంకోర్టు న్యాయమూర్తి బ్రాడ్లీ ఆ స్థానంలో కూర్చున్నారు, ప్రతి వివాదమూ 8–7తో తేలి రిపబ్లికన్ అభ్యర్థి హేస్ 185–184 ఎలక్టోరల్ (రాష్ట్రాల ప్రతినిధుల) ఓట్లతో గెలిచారు. డెమొక్రాట్లు తమ వేలితో తమ కన్నే పొడుచుకున్నారు.

జవాబు (న్యాయవాది, కడప):
అధ్యాపకుల వారు చెప్పింది నిజమే గాని, డేవిస్ మార్చి దాకా న్యాయమూర్తిగానే ఉన్నారు కనుక, కూర్చోదలిస్తే కమిషన్‌లో కూర్చోగలిగేవారు. మన కోకా సుబ్బారావు గారు కూడా 1967లో ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు, విమర్శలూ ఎదుర్కొన్నారు. కానీ దేశం తీర్పు కోసం ఎదురుచూస్తున్న వ్యవహారాన్ని వదిలి వెళ్లలేదు.

జవాబు (జూనియర్ న్యాయవాది, కర్నూలు):
అయ్యా, పిరికితనం అనడానికి నాకు మనసొప్పడం లేదు. సర్క్యూట్ రోజుల్లో లింకన్‌తో కలిసి జిల్లా జిల్లా తిరిగి, ఒక్కో సత్రంలో వకీళ్లు మంచానికి ఇద్దరేసి సర్దుకుంటే భారీకాయుడైన తాను ఒక్కడే పడుకుని, 1860లో రిపబ్లికన్ పార్టీ షికాగో సభలో ఆ లింకన్‌కే అధ్యక్ష అభ్యర్థిగా టికెట్ తెచ్చిపెట్టిన స్నేహితుడాయన. అయినా సివిల్ కోర్టులు పనిచేస్తున్న చోట పౌరుణ్ణి సైనిక కమిషన్ విచారించరాదని 1866లో మిల్లిగన్ కేసు తీర్పు రాసి, లింకన్ హయాంలో పడిన మరణశిక్షను చెల్లదన్నారు.

జవాబు (న్యాయవాది, కడప):
ఆ తీర్పు ధైర్యాన్ని నేను కాదనడం లేదు బాబూ. అయితే అప్పటికి యుద్ధం ముగిసింది, లింకన్ కూడా లేరు. 1877లో మాత్రం ఆయన ఒక్క ఓటే అధ్యక్షుణ్ణి నిర్ణయించేది. పైగా 1881లో సెనేట్ సరిసమానంగా చీలినప్పుడు మళ్లీ మధ్యలో నిలిచింది ఆయనే. సెనేట్ తాత్కాలిక అధ్యక్షుడై, అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ హత్య తరువాత ఉపాధ్యక్షుడు లేని ఆ కాలంలో, అధ్యక్ష పదవికి వరుసలో మొదటివాడిగా 1883 దాకా ఉన్నారు.