పాత ఇనుప అచ్చులో పోసిన బుల్లెట్లు ముడతలు పడుతున్నాయి, దారి చెప్పండి

ప్రశ్న, డాలస్ నుంచి:

అందరికీ నమస్కారం. గ్రీన్‌కార్డ్ వచ్చాక ఇక్కడ షూటింగ్ క్లబ్‌లో చేరాను. .45 పిస్టల్‌తో కాగితం టార్గెట్లు కొడతాను, అంతే. మా పక్కింటి పెద్దాయన చేతులు వణుకుతున్నాయని పోత పని మానేసి, తన పాత ఇనుప అచ్చు నాకిచ్చారు. నాలుగు గుంటలది. దాని మీద లైమన్ అని, 452460 అని చెక్కి ఉంది. అక్కడక్కడ తుప్పు ఉంది.

టైర్ షాపులో అడిగి ఒక బకెట్ పాత వీల్ వెయిట్లు (చక్రాల బ్యాలెన్స్‌కు తగిలించే సీసపు ముక్కలు) తెచ్చి, గ్యారేజీలో ఎలక్ట్రిక్ పాత్రలో కరిగించి పోశాను. అరవై దాకా వచ్చాయి. ఒక్కటీ బాగాలేదు. ఒళ్ళంతా ముడతలు, అడుగు అంచులు పదునుగా లేకుండా గుండ్రంగా వచ్చాయి. నాలుగో గుంటలో బుల్లెట్ ఇరుక్కుని రాలేదు, అచ్చు మీద సుత్తితో కొడితే గానీ ఊడలేదు. అచ్చు పాతదై పాడైపోయిందా? కొత్త అల్యూమినియం అచ్చు కొనుక్కోమంటారా?

జవాబు, ఒహాయో నుంచి:

తమ్ముడూ, ముందుగా ఆ సుత్తి పక్కన పెట్టెయ్. ఇనుప అచ్చును ఎప్పుడూ కొట్టకూడదు. కొట్టాలంటే కర్ర సుత్తితో పిడుల మధ్య ఉండే బోల్టు మీద మెల్లగా తట్టాలి. అచ్చు దిమ్మ మీద పడే ఒక్క దెబ్బకు రెండు సగాలూ కలిసే అంచు లేచిపోతుంది. ఆ తర్వాత బుల్లెట్లు ఆ గుంటలో ఇరుక్కుంటూనే ఉంటాయి. నాలుగో గుంట అంచును భూతద్దంతో చూడు. అక్కడ చిన్న మిట్ట కనిపిస్తే అదే కారణం.

అచ్చు పాడవలేదు. ఆ అంకెలు చూశావు కదా, మొదటి మూడూ కొలత, అంటే 0.452 అంగుళం. చివరి మూడూ డిజైన్ నంబరు. 200 గ్రెయిన్ల (దాదాపు 13 గ్రాముల) బుల్లెట్, ముందు భాగం బల్లపరుపుగా ఉండి కాగితంలో గుండ్రటి రంధ్రం చేస్తుంది. టార్గెట్ ఆటకు చాలా మంచిది. ఈ అచ్చుల వంశం కూడా పెద్దదే. 1884లో జాన్ బార్లో కనెక్టికట్‌లో మొదలుపెట్టిన ఐడియల్ కంపెనీని 1925లో లైమన్ కొనుక్కుంది. అందుకే పాత అచ్చుల్లో ఐడియల్ పేరున్నవీ దొరుకుతాయి. సరిగ్గా చూసుకుంటే ఇనుప అచ్చు నీ తర్వాత నీ పిల్లలకూ పనికొస్తుంది. అమ్మెయ్యకు.

నీ ముడతలకు కారణాలు రెండే. ఒకటి నూనె, రెండు చల్లటి అచ్చు. తుప్పు పట్టకుండా ఆ పెద్దాయన నూనె రాసి పెట్టి ఉంటాడు. గుంటలో చుక్క నూనె ఉన్నా అది ఆవిరై, సీసాన్ని గోడకు తగలనివ్వదు. ముందు కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో తుప్పు తీసెయ్. గుంటల్లో గరుకు కాగితం, ఉక్కు పీచు పెట్టావంటే కొలతే మారిపోతుంది. తర్వాత గిన్నెలు కడిగే సబ్బు, వేడి నీళ్ళు, పాత టూత్‌బ్రష్‌తో రెండుసార్లు కడిగి, వెంటనే పూర్తిగా ఆరబెట్టు.

ఇక వేడి. నాలుగు గుంటల ఇనుప దిమ్మ చాలా వేడి తాగుతుంది. పోతకు ముందు హాట్‌ప్లేట్ మీద ఒక ఇనుప రేకు పెట్టి, దాని మీద అచ్చును ఇరవై నిమిషాలు ఉంచు. సీసం దాదాపు 700 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 370 సెల్సియస్ ఉండాలి. థర్మామీటర్ లేకుండా పొయ్యవద్దు. మొదటి పది పోతలు ఎలాగూ పనికిరావు, చూడకుండా పాత్రలోకి వేసెయ్. నిమిషానికి రెండు మూడు పోతలు ఆగకుండా సాగాలి. ఒక్కో బుల్లెట్‌ను ఎత్తి చూసి మురిసిపోతూ కూర్చుంటే అచ్చు మళ్ళీ చల్లారిపోతుంది. చూడటం అంతా చివర్లో.

అడుగులు గుండ్రంగా రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. సీసం పోసే రంధ్రాలుండి, మిగులు సీసాన్ని కోసే పై రేకు బిగుతుగా ఉంటే గాలి బయటికి పోదు. అచ్చును పక్కకు వంచితే రేకు తన బరువుకే తిరిగేంత వదులుగా ఉండాలి. నాలుగు గుంటలూ నింపాక పైన సీసం కొంచెం ఎక్కువగానే నిలబడనివ్వు. బుల్లెట్ గట్టిపడుతూ కుంచించుకుపోయినప్పుడు ఆ పై సీసమే కిందికి దిగి నింపుతుంది. పై ముద్ద మెరుపు పోయి మసక రంగులోకి మారడానికి నాలుగైదు సెకన్లు పట్టాలి. వెంటనే మారిపోతే అచ్చు చల్లగా ఉన్నట్టు. కోసినప్పుడు రేకు మీద సీసం పూసుకుపోతే తొందరపడ్డట్టు.

ఇది సరిచేసుకున్నాక కూడా నింపుడు బాగాలేకపోతే ఒక శాతం తగరం కలుపు. మన ఊళ్ళలో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్ళు వాడేది ఇదే. వాళ్ళు నవాసాగరం చల్లి తుడిచినట్టే, ఇక్కడ శనగగింజంత తేనెమైనం వేసి అడుగు దాకా కలపాలి. పొగ వస్తుంది, ఒక్కోసారి భగ్గుమంటుంది, ముఖం దూరంగా పెట్టు. పైకి తేలిన మడ్డి తీసెయ్.

జవాబు, ఫీనిక్స్ నుంచి:

అన్న చెప్పినవాటికి ఒకటి చేరుస్తాను. వీల్ వెయిట్లన్నీ ఇప్పుడు సీసం కాదు. ఉక్కువీ, జింకువీ చాలా కలిసి వస్తున్నాయి. కటింగ్ ప్లయర్‌తో నొక్కి చూడండి. సీసం మెత్తగా తెగుతుంది, జింకు తెగదు. జింకు కరిగేది 419 సెల్సియస్ దగ్గర. కాబట్టి కరిగించేటప్పుడు 380 దాటకుండా చూసుకుంటే తప్పించుకున్నవి పైకి తేలతాయి, తీసెయ్యవచ్చు. ఒక్కసారి జింకు కలిసిందంటే పాత్రంతా ఉడికిన ఓట్స్‌లా జావ అవుతుంది. నాకు అలా దాదాపు పది కిలోల సీసం పోయింది.

ఇంకా ముఖ్యం, తడి. కరిగిన సీసంలో నీటి చుక్క దిగితే క్షణంలో ఆవిరై దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది. పాత్రలోని సీసమంతా పైకప్పు దాకా చిమ్ముతుంది. బకెట్ వానలో ఉండి ఉంటే వెయిట్లను ముందు చల్లటి పాత్రలో వేసి, అప్పుడు వేడి మొదలుపెట్టండి. నడుస్తున్న పాత్రలోకి కొత్త దిమ్మ నేరుగా వెయ్యకండి. అంచు మీద కాసేపు వేడెక్కనిచ్చి వదలండి. కళ్ళద్దాలు, తోలు గ్లవ్స్, పొడుగు చేతుల నూలు చొక్కా, మూసిన బూట్లు తప్పనిసరి. సింథటిక్ బట్ట చర్మానికి కరిగి అంటుకుంటుంది.

జవాబు, న్యూజెర్సీ నుంచి:

నేను నర్సుని. పోత గురించి తెలియదు, సీసం గురించి తెలుసు. మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా? గ్యారేజీ ఇంటికి అతుక్కుని ఉందా?

డాలస్ నుంచి:

ఉంది అక్కా. మూడేళ్ళ పాప. గ్యారేజీ తలుపు నేరుగా వంటింట్లోకే తెరుచుకుంటుంది. ఆవిరి బయటికి పోవాలని పెద్ద తలుపు తెరిచే పోశాను.

న్యూజెర్సీ నుంచి:

ఈ వేడికి సీసం ఆవిరయ్యేది చాలా తక్కువ. అసలు భయం దుమ్ముతో. మీరు తీసే మడ్డి, ఆ పాత వెయిట్ల మీది మురికి, బూట్ల అడుగులు, చేతులు. పాప నేల మీద ఆడి వేళ్ళు నోట్లో పెట్టుకుంటుంది. పిల్లల రక్తంలో సీసానికి సురక్షితమైన స్థాయి అంటూ ఏదీ లేదు. డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు వచ్చినా చాలు, పట్టించుకోవాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 నుంచి చెబుతోంది. పిల్లల డాక్టర్ దగ్గర చిన్న రక్తపరీక్షతో తెలిసిపోతుంది. టెన్షన్ పడకండి, కానీ వాయిదా వెయ్యకండి. మీరూ చేయించుకోండి. ఇంట్లో గర్భవతి ఉంటే ఆవిడ అటువైపే రాకూడదు, సీసం బిడ్డకు చేరుతుంది.

గ్యారేజీని చీపురుతో ఊడవవద్దు, ఇంట్లో వాడే మామూలు వాక్యూమ్ పెట్టవద్దు, రెండూ దుమ్మును లేపుతాయి. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారెయ్యండి. పోత బట్టలు విడిగా ఉతకండి, బూట్లు బయటే వదలండి. వంటింటి గిన్నె, గరిటె ఒక్కటీ ఆ పనికి ముట్టుకోకండి. మడ్డిని మూత డబ్బాలో పెట్టి, కౌంటీ వాళ్ళు ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోట ఇవ్వండి.

ప్రశ్న, గుంటూరు నుంచి:

మా తాతగారి లైసెన్స్ తుపాకీ ఉంది. ఇలాంటి అచ్చు తెప్పించుకుని నేను ఇక్కడ పోసుకోవచ్చా అండీ?

ఒహాయో నుంచి:

వద్దు బాబూ. 1959 ఆయుధాల చట్టం తూటాలనే కాదు, వాటి భాగాలను, వాటిని తయారుచేసే యంత్రాలను కూడా ఆ లెక్కలోనే చూస్తుంది. తయారీకి వేరే లైసెన్స్ కావాలి, తుపాకీ లైసెన్స్ సరిపోదు. తాతగారి లైసెన్స్ నీకు వర్తించదు కూడా. తూటాలు కావాలంటే లైసెన్స్ ఉన్నవాళ్ళు లైసెన్స్ ఉన్న దుకాణంలోనే కొనుక్కోవాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు కూడా ఒక మాట. హెచ్-1బీ, విద్యార్థి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. తూటా అంటే చట్టంలో ఉత్త బుల్లెట్ కూడా వస్తుంది. సరదాగా స్నేహితుడి గ్యారేజీలో పోసి కొన్ని ఇంటికి తెచ్చుకున్నా కేసే. సొంతానికి పోసుకునే గ్రీన్‌కార్డ్ వాళ్ళకు ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మడం మొదలుపెడితే కావాలి. రాష్ట్రం చట్టం వేరే చూసుకోండి.

డాలస్ నుంచి, వారం తర్వాత:

అచ్చు కడిగి, వేడి చేసి, పెరట్లో రేకుల షెడ్డు కింద పోశాను. పన్నెండో పోత నుంచి నాలుగూ నున్నగా వచ్చాయి, అడుగులు పదునుగా ఉన్నాయి. నాలుగో గుంట అంచున నిజంగానే చిన్న మిట్ట ఉంది. గట్టి కర్రపుల్లతో మెల్లగా నొక్కాక బుల్లెట్ తనంతట తనే రాలుతోంది. అచ్చు పక్కింటాయనకు చూపిస్తే చాలాసేపు చేతిలోనే పట్టుకున్నారు.

గ్యారేజీ మూడుసార్లు తడిగుడ్డ పెట్టాం. పాపకు, నాకు రక్తం నిన్న ఇచ్చాం. రిపోర్టు శుక్రవారం వస్తుందన్నారు. అది వచ్చేదాకా పాత్ర ముట్టుకోను.

న్యూజెర్సీ నుంచి:

మంచి పని చేశారు. పాప నంబరు ఎంతొచ్చినా ఇక్కడ రాయండి, ఏం చెయ్యాలో చెబుతాను.