ఒకే బొమ్మకు ఒకచోట దండం, ఇంకోచోట గొడవ. ఎందుకని?

కపిలతీర్థం
మొన్న గుడిమల్లం వెళ్ళొచ్చి, పరశురామేశ్వరుడి ఫోటో ఒకటి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. తెలియనివాళ్ళకు చెప్తున్నా, అది ఏర్పేడు దగ్గరి పల్లె. అక్కడి లింగం సుమారు అయిదడుగుల ఎత్తుంటుంది. పురుషాంగాన్ని అచ్చంగా పోలేలా చెక్కారు. దాని ముందువైపు ఒక మరుగుజ్జు యక్షుడి భుజాలు తొక్కి నిలబడ్డ శివుడు. ఒక చేత్తో పొట్టేలును వెనక కాళ్ళు పట్టి వేలాడదీశాడు, రెండో చేతిలో చిన్న పాత్ర, భుజాన గొడ్డలి. నడుముకు చుట్టిన బట్ట ఎంత పలచనంటే, ఏమీ దాచదు. క్రీస్తుకు ముందుదని చాలామంది పండితుల మాట.

కాసేపటికి మా పెదనాన్న ఫోను. "ఆడపిల్లలుండే గ్రూపురా, బుద్ధుందా? ముందు తీసెయ్!" అదే పెదనాన్న ప్రతి శివరాత్రికీ ఆ గుళ్ళో దండం పెట్టుకుని, విబూది తెచ్చి మాకు పంచుతాడు.

బొమ్మ అదే, చూసే మనిషీ ఆయనే. మరి గొడవ ఎక్కడినుంచి వచ్చింది? వివాదం బొమ్మలో ఉండదు, దాన్ని తెచ్చి పెట్టిన చోటులో ఉంటుందని నా వాదన. కాదనేవాళ్ళు రండి.

చిత్తూరు ప్లీడరు
కాదంటున్నా తమ్ముడూ. చోటు మీదకు నెట్టేస్తే బొమ్మ గీసినవాడు చేసిన పని ఏమీ లేనట్టే.

పారిస్‌లో ప్రభుత్వం తరఫున పెద్ద చిత్రప్రదర్శన జరిగేది, సలోన్ అనేవాళ్ళు. 1863లో అక్కడ కబనెల్ అనే ఆయన వీనస్ దేవతను నగ్నంగా గీసి పెట్టాడు. చక్రవర్తి మూడో నెపోలియన్ ముచ్చటపడి కొనుక్కున్నాడు. 1865లో అదే సలోన్‌లో మానే అనే చిత్రకారుడు గీసిన 'ఒలింపియా' పెట్టారు. అదీ నగ్నచిత్రమే. జనం మండిపడ్డారు. కాపలా పెట్టి, చివరికి ఎవరి చేతికీ అందకుండా గుమ్మం పైన, ఎత్తులో తగిలించాల్సి వచ్చింది.

చోటు అదే. చూసేవాళ్ళూ ఆ బాపతే. తేడా అంతా బొమ్మలోనే ఉంది. వీనస్ కళ్ళు అరమూసుకుని పడుకుంటుంది, ఎంతసేపు చూసినా నిన్ను ఏమీ అనదు. ఒలింపియా దేవత కాదు, పారిస్‌లో ఒళ్ళమ్ముకుని బతికే మనిషి. సూటిగా నీ మొహంలోకి చూస్తుంది. ఆమెలాంటి వాళ్ళ దగ్గరికి రాత్రి పోయి, పగలు భార్యను వెంటబెట్టుకుని ప్రదర్శనకు వచ్చిన పెద్దమనుషులకు ఒళ్ళు మండదా మరి?

కపిలతీర్థం
అన్నా, బాగా కొట్టావు. కానీ చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ సంగతి? సరస్వతిని నగ్నంగా రేఖాచిత్రం గీసింది 1970లలో. గొడవ లేచింది 1996లో, ఒక హిందీ పత్రిక అచ్చేసి రెచ్చగొట్టాక. ఆ మధ్యలో అన్నేళ్ళూ అవే గీతలు కదా? ఆ తరవాత కేసుల మీద కేసులు, 2006లో దేశం వదిలి పోవడం. ఇంకో బొమ్మ మీది అశ్లీలత కేసులను 2008లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసినా ఆయన తిరిగి రాలేదు, 2011లో లండన్‌లో పోయాడు. గ్యాలరీకి పోయే నలుగురు చూసినంత కాలం అది బొమ్మ. పత్రికలో పడి బజారుకొచ్చాక నేరం.

పీలేరు టీచరమ్మ
మీరిద్దరూ ఒకటి వదిలేశారు. గీసింది ఎవరు, రాసింది ఎవరు?

అన్నమయ్య కీర్తనల్లో ఎక్కువ భాగం శృంగారమే. "ఏమొకో చిగురుటధరమున" వినని ఇల్లు తిరుపతిలో ఉందా? అమ్మవారి పెదవి మీద కస్తూరి ఎందుకు అంటిందో, చెక్కిళ్ళ మీద ఆ గుర్తులేమిటో చెలులు ఆరా తీసే పాట అది. పొద్దున్నే కాఫీ తాగుతూ వింటాం. రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళోనే దాచారు వాటిని.

ఇప్పుడు ముద్దుపళని సంగతి చూడండి. పద్దెనిమిదో శతాబ్దం, తంజావూరు ప్రతాపసింహుడి కొలువు, 'రాధికా సాంత్వనము'. ఇక్కడా కృష్ణుడే, ఇక్కడా శృంగారమే. కానీ రాసింది ఒక వేశ్య. అందులో రాధ తన కోరికను తనే చెప్పుకుంటుంది. వీరేశలింగం పంతులుగారికి అది అసహ్యమైంది. వెనకటి అచ్చులో ఆమె తన గురించి చెప్పుకున్న పద్యాలే ఎత్తేశారు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మగారు పట్టుబట్టి 1910లో పూర్తి పాఠాన్ని వావిళ్ళ వారి చేత అచ్చు వేయిస్తే, మరుసటి ఏడే ఇంగ్లీషు సర్కారు నిషేధించింది, ప్రతులు జప్తు చేసింది. 1947లో ప్రకాశం పంతులుగారు ఎత్తేసేదాకా ఆ నిషేధం నడిచింది. సిగ్గు ఆడదానికేనా, మగవాళ్ళకు అక్కర్లేదా అని నాగరత్నమ్మగారు ఆనాడే అడిగారు. దానికి ఇప్పటికీ ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదని నా అభిప్రాయం.

చిత్తూరు ప్లీడరు
అన్నమయ్య పాటల్లోనూ నాయిక నోరు తెరిచి అడుగుతుంది కదా మేడం?

పీలేరు టీచరమ్మ
అడుగుతుంది. అడిగించింది మగకవి. పైగా ఆయన భక్తుడని ముందే పేరుపడ్డాక ఏం రాసినా భక్తే.

తాతయ్యగుంట సందు
మా తిరుపతి గంగమ్మ జాతరకు రండి అందరూ. బండ వేషం రోజు ఒళ్ళంతా కుంకం పూసుకున్న పిల్లకాయ వచ్చి నిన్ను, మీ నాయన్ను, వాళ్ళ నాయన్ను కూడా బూతులతో కడిగేస్తాడు. అమ్మకు ఇష్టమంట, నవ్వుకుంటా నిలబడాల్సిందే. జాతర అయిపోయినాక అదే పిల్లకాయ అదే మాట అంటే మూతి పగులుతుంది. చోటే కాదు సామీ, రోజు కూడా చూసుకోవాల.

బజారువీధి కొట్టు
చదువుతున్నంతసేపూ మీకు తమాషాగానే ఉంది. నా గోడు కూడా వినండి. 'చింతామణి' నాటకం పేరు చెప్పగానే అందరికీ పద్యాలు గుర్తొస్తాయి, నాకు బడి గుర్తొస్తుంది. అందులో అందరూ నవ్వుకునే శెట్టి పాత్ర సుబ్బిశెట్టి. తిరునాళ్ళలో నాటకం ఆడిన మర్నాడు మా క్లాసులో కోమటిపిల్లలందరం సుబ్బిశెట్లమే. అయ్యవారు కూడా ఒకసారి హాజరు అలాగే పిలిచి నవ్వాడు. 2022 జనవరిలో ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధిస్తే భావప్రకటన స్వేచ్ఛ అని అందరూ లేచారు. ఆ స్వేచ్ఛ ఖర్చు ఎవరి జేబులోంచి పోయిందో ఎవరూ అడగలేదు.

చిత్తూరు ప్లీడరు
అన్నగారూ, మీ బాధ కాదనను. కానీ కాళ్ళకూరి నారాయణరావు గారు రాసింది వేశ్యలోలత్వం మీద. అందులో బ్రాహ్మడూ చెడతాడు, శెట్టీ చెడతాడు. ఆ తరవాత ఊరూరా ఆడినవాళ్ళు చప్పట్ల కోసం సుబ్బిశెట్టి నోట్లో బూతులు కుక్కారు. తప్పు వాళ్ళది, శిక్ష మూలానికి. కలిపిన చెత్తను తీసేసి ఆడమని ఆంక్ష పెట్టినా సరిపోయేది.

బజారువీధి కొట్టు
రాత్రి రెండు గంటలకు పల్లెలో నాటకం ఆడుతుంటే పుస్తకం పట్టుకుని పక్కన కూర్చునేది ఎవరు సార్, మీరా?

కపిలతీర్థం
ఇది నాకు జవాబు లేని ప్రశ్నే. అయితే ఆంక్షల మాటొచ్చింది కాబట్టి ఒకటి. 1573లో వెనిస్‌లో వెరొనీస్ అనే చిత్రకారుడు ఒక మఠం కోసం క్రీస్తు చివరి విందు గీశాడు. అందులో తాగిన సైనికులు, మరుగుజ్జులు, చేతి మీద చిలకతో ఒక విదూషకుడు. మతవిచారణ సభ పిలిపించి, మూడు నెలల్లో సరిదిద్దమంది. ఆయన చేసిందల్లా బొమ్మ పేరు మార్చడం. 'లేవీ ఇంట విందు' అన్నాడు. అంతే, ఇక గొడవ లేదు! మన సెన్సారు వాళ్ళు సినిమా టైటిల్ మార్పించడం కొత్తేమీ కాదన్నమాట.

కాళహస్తి కలం
ఇంట్లో అందరం కలంకారీ పనే చేస్తాం, కాబట్టి పని మాట చెప్తా. కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి ఆరేసిన గుడ్డ మీద చింతబొగ్గుతో శివపార్వతులను గీస్తాం, ఇనుము, బెల్లం నానేసి చేసే కసిమి అనే రంగుతో నల్లగీత దిద్దుతాం. అదే చెయ్యి, అవే గీతలు. గుడికి తెరగా పోతే మొక్కుతారు. చీర కొంగు మీద వేస్తే మెచ్చుకుంటారు. అంచు మీద వేస్తే చాలు, "కాళ్ళకు తగిలేచోట దేవుడా?" అని గొడవ. జానెడు పైకి జరిగితే అపచారం కాస్తా అలంకారం. అందుకే అంచుకు నెమళ్ళు, హంసలు, తీగలు. దేవుళ్ళంతా మోకాలికి పైనే.

నన్నడిగితే కపిలతీర్థం తమ్ముడిదే సగం రైటు. మిగతా సగం టీచరమ్మది. మా అత్త గీసిన గుడ్డ ఎంత బాగున్నా, "ఇది మీ మామ చెయ్యే కదా" అనే అడుగుతారు కొనేవాళ్ళు.

చిత్తూరు ప్లీడరు
అమ్మా, ఒక చిన్న ప్రశ్న. దిండు కవరు మీద వినాయకుణ్ణి వేయమని మంచి రేటుకు ఆర్డరొస్తే తీసుకుంటావా?

కాళహస్తి కలం
తీసుకోను సార్. గోడకు తగిలించుకుంటామంటే వేసిస్తా. నిరుడు అట్ల వేసిస్తే, ఒకాయన తీసుకుపోయి కుట్టించి సోఫా మీద వేసుకుని ఫోటో పంపినాడు. బాగుందా అని అడిగినాడు. కుట్టు బాగుందని చెప్పినా.