వస కొమ్ము: పసిపిల్లకి నాకించొచ్చా? కుండీలో పెరుగుతుందా?

గోదారి_కోడలు:
పాపకి మూడో నెల. వస కొమ్ము సానరాయి మీద అరగదీసి చనుబాలలో కలిపి నాలిక మీద రాద్దామంటున్నారు మా అత్తగారు. మాటలు త్వరగా వస్తాయంటారు, నాకేమో టెన్షన్. కుండీలో పెంచుకోవచ్చా కూడా చెప్పండి.

తణుకు_రాజు:
నిక్షేపంగా రాయండమ్మా. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ తేనెలో రంగరించి నాకించాం, అందరూ వసపిట్టలే.

చిట్టితల్లి:
తేనెనా! ఏడాది లోపు పిల్లలకి తేనె చుక్క కూడా పెట్టకూడదండీ, బోటులిజం అనే కండరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు. దయచేసి ఇలాంటివి రాయకండి.

తణుకు_రాజు:
మా అమ్మమ్మ కాలం నుంచీ పెడుతున్నాం. ఎవరికేమైంది?

చిట్టితల్లి:
మా అన్నయ్య కొడుక్కి వస నాకించాక వాంతులు ఆగలేదు, రాత్రంతా ఆసుపత్రిలో కూర్చున్నాం. ఎవరికేమైందని అడక్కండి.

మూలికల_సుబ్బు:
వస సంగతి నన్నడగండి, మూలికలు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసినవాణ్ణి. మన దేశపు వస నూనెలో బీటా-అసరోన్ అనే హానికర రసాయనం ఎక్కువ, ఎలుకలకి ఆ నూనె పెడితే పేగుల్లో కణితులు లేచాయి, అందుకే అమెరికాలో 1968లోనే తిండి పదార్థాల్లో వాడకూడదన్నారు. అక్కడ కొందరు వస వాడుతున్నారుగా అంటారేమో, అక్కడి సొంత రకంలో ఆ రసాయనం ఉండదు, కాబట్టి ఆ వాదన చెల్లదు. ఆయుర్వేదంలోనూ వసని వాంతి చేయించే మందుల్లో చెప్పారు, గోమూత్రంలో ఉడికించి శుద్ధి చేశాకే వాడమన్నారు. కిరాణా కొట్లో కొన్న కొమ్ముని ఎవరు శుద్ధి చేశారు?

తణుకు_రాజు:
ఎలుకకి నూనె పోయడమూ బిడ్డ నాలిక మీద గంధమంత రాయడమూ ఒకటేనా సార్? ల్యాబ్ పేరు చెప్పి బెదిరించకండి.

మూలికల_సుబ్బు:
ఆ గంధమంతలో మందు ఎంతుందో మీరు కొలిచారా?

పెరటి_పద్మ:
ఇద్దరూ కాస్త ఆగండి. కుండీ సంగతి ఎవరూ చెప్పలేదు. అడుగున చిల్లు లేని పాత టబ్‌లో బంకమట్టి నింపి నీళ్ళు నిలవనివ్వండి, దుంప ముక్క అడ్డంగా పాతితే చాలు. కర్ణాటకలో కొరటగెరె వైపు వరి మళ్ళలోనే వేస్తారు. నర్సరీలో కొనేటప్పుడు ఆకు నలిపి చూడండి, కత్తిలాంటి ఆకు, ఓ అంచున చిన్న చిన్న ముడతలు, ఘాటు వాసన. వాసన రాకపోతే అది వస కాదు. నేనైతే ఎండు కొమ్ములు బియ్యం డబ్బాలో వేస్తాను, పురుగు పట్టదు. పిల్లలకి మాత్రం పెట్టను.

తణుకు_రాజు:
పద్మక్కా, దుంప ముక్క ఒకటి తణుకు పంపగలరా? ఖర్చు నేనే పెట్టుకుంటా.

పెరటి_పద్మ:
వానలు పడనీ తమ్ముడూ, ఇప్పుడు తవ్వితే ఎండిపోతుంది.